పట్నానికి తూర్పు గుమ్మం

ప్రశ్న: మేము నల్లగొండలో 6,000 అద్దె ఇంట్లో ఉంటున్నాం. మావారు మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో లెక్కలు రాస్తారు. జీతం 21,000. పోనూ రానూ రోజుకు దాదాపు 80 కిలోమీటర్ల ప్రయాణం. నేను ఇంట్లో మగ్గం వర్క్ చేస్తాను. ఇక్కడ గిరాకీ పెళ్లిళ్ల రోజుల్లోనే. మిగతా కాలంలో దిల్‌సుఖ్‌నగర్‌లోని ఒక బొటిక్ కోసం జాకెట్ల మీద వర్క్ చేసి బస్సు కార్గోలో పంపిస్తాను. జరీ, పూసలు నావే. జాకెట్టుకు 1,800 ఇస్తారు. కుట్టు కూలి కాకుండా ఒక్క వర్క్‌కే వాళ్లు 4,500 తీసుకుంటున్నారని ఈ మధ్యే తెలిసింది. బాబు ఆరో తరగతి, పాప మూడో తరగతి.

మావారికి కోఠిలో ఒక మందుల హోల్‌సేల్ దుకాణంలో 30,000 జీతానికి పని దొరికింది. ఏప్రిల్‌లో చేరమన్నారు. ఆయన స్నేహితుడు కూకట్‌పల్లిలో తన కాలనీలోనే 17,000కు ఇల్లు చూశాడు. హయత్‌నగర్ వైపు 10,000కు వస్తుందట గానీ, ‘అది పట్నమే కాదు’ అంటున్నాడు. బెంగళూరులో ఉన్న మా తమ్ముడు అక్కడికి వస్తే 40,000 ఉద్యోగం ఇప్పిస్తానంటున్నాడు. మా బావగారేమో, ‘నల్లగొండలో అన్నీ వచ్చాయి, పట్నం పోతే వచ్చిన జీతం అద్దెకే సరిపోతుంది’ అంటున్నారు. చండూరు దగ్గర ఊళ్లో అత్తమ్మ ఒక్కతే ఉంటుంది. అక్కడ మాకు మూడెకరాల బత్తాయి తోట ఉంది. చేతిలో రెండు లక్షలు దాచుకున్నాం. ఏం చేయమంటారు?

– ఒక సోదరి, నల్లగొండ

అమ్మా,

ఉత్తరం రెండుసార్లు చదివాను. బావగారు ఏమన్నారో రాశారు, తమ్ముడు ఏమన్నాడో రాశారు, మీవారి స్నేహితుడు ఏమన్నాడో కూడా రాశారు. మీరేమనుకుంటున్నారో మాత్రం రాయలేదు. ఒక్కచోట మనసులో మాట బయటపడింది: 1,800కు ఇచ్చిన పని 4,500కు పోతోందని ఈ మధ్యే తెలిసిందన్నారు. మీ ఇంట్లో అందరూ మీవారి జీతం తొమ్మిది వేలు పెరుగుతుంది, అద్దెకు ఎంత పోతుంది అని లెక్క వేస్తున్నారు. మీ జాకెట్ల మీద నెలనెలా ఎంత పోతోందో ఎవరూ లెక్క వేసినట్టు లేదు. నేను అక్కడి నుంచే మొదలుపెడతాను.

సలహా ముందే చెప్పేస్తున్నాను. వెళ్లండి. హైదరాబాదే వెళ్లండి, బెంగళూరు వద్దు. కూకట్‌పల్లి కూడా వద్దు. వనస్థలిపురం, హయత్‌నగర్ మధ్య ఎక్కడో ఒకచోట ఆగండి. తోట అమ్మకండి.

ఇక జాకెట్టు లెక్క. 4,500లో మీ 1,800 పోగా ఉన్న ఆ 2,700 అంతా దుకాణానికి మిగులని అనుకోకండి. దిల్‌సుఖ్‌నగర్‌లో షట్టరు అద్దె, కరెంటు బిల్లు, నచ్చలేదని వెనక్కి ఇచ్చినవి, పెళ్లి అయ్యాక బాకీ సంగతి మరిచిపోయిన పెళ్లివారు, అన్నీ అందులోంచే పోవాలి. నాకు వాళ్ల మీద కోపం లేదు, మీరూ పెట్టుకోకండి. అయితే మీ పని చూసి నేరుగా మీ ఇంటికి వచ్చే మనిషి 3,000 ఇచ్చినా ఆమెకు 1,500 కలిసి వస్తుంది, మీకు 1,200 ఎక్కువ వస్తుంది. నెలకు అలాంటి జాకెట్లు అయిదు దొరికితే 6,000. హయత్‌నగర్‌లో మీకు కొత్తగా పడే అద్దె భారం నాలుగు వేలే. అది మీ సూదితోనే తీరిపోయింది. మీవారి తొమ్మిది వేలను ఇంకా ముట్టుకోనే లేదు.

ఆ అయిదుగురు మొదటి నెలలోనే తలుపు తట్టరు. ఆరు నెలలు పట్టవచ్చు, ఏడాదీ పట్టవచ్చు. అప్పటిదాకా ఆ బొటిక్‌కే చేయండి. అప్పుడు కూడా కొంత మేలే. ఇప్పుడు రంగు కలవలేదనో, చేతి అంచు చిన్నదైందనో వాళ్లు అంటే జాకెట్టు బస్సెక్కి నల్లగొండ వచ్చి మళ్లీ బస్సెక్కి వెళ్లాలి. అందులో మూడు రోజులు పోతాయి. రేపు అదే జాకెట్టును సంచిలో వేసుకుని మీరే వెళ్తారు. వాళ్ల ఎదురుగానే రెండు పూసలు మార్చి వస్తారు.

పెద్ద ఊరి లాభమంటే అందరికీ జీతమే గుర్తొస్తుంది. చేతిపని ఉన్నవాళ్లకు అసలు లాభం వేరే ఉంది. నల్లగొండలో మీ మగ్గం పంచాంగాన్ని బట్టి నడుస్తోంది. ముహూర్తాలుంటే రాత్రి పన్నెండు దాకా పని, మూఢం వచ్చిందంటే చెక్క గోడకు ఆనించడమే. ఆషాఢంలోనూ అంతే. హైదరాబాద్‌లో మన మూఢంతో సంబంధం లేని పెళ్లిళ్లు బోలెడు. ముస్లిం ఇళ్లలో నిఖాలు ఉంటాయి, రంజాన్ పండగకు ముందు నెలంతా కొత్త బట్టల హడావుడి ఉంటుంది. డిసెంబరులో క్రిస్మస్ వస్తుంది. ఒక పంచాంగం మూసుకుంటే ఇంకొకటి తెరుచుకుంటుంది. ఏడాదిలో నాలుగైదు నెలలు ఖాళీగా ఉండే చేతికి ఇది ఎంత విలువైనదో మీకు నేను చెప్పాలా?

ఒక హెచ్చరిక కూడా వినండి. పాతబస్తీలో తరతరాలుగా జర్దోసీ చేసే కార్ఖానాలు ఉన్నాయి. బరువైన లెహంగాల్లో వాళ్ల చేతితోనూ వాళ్ల ధరతోనూ పోటీ పడలేరు. చౌక పనిని కంప్యూటర్ ఎంబ్రాయిడరీ మిషన్లు ఎప్పుడో తీసేసుకున్నాయి. మీ జాగా ఆ రెంటికీ మధ్య ఉంది. కొలతలు తీసుకుని, చీర అంచు చూసి, మనిషితో మాట్లాడి చేసే జాకెట్టు పని అది. అది మీకు వచ్చు కాబట్టే ఆ బొటిక్ మిమ్మల్ని వదలడం లేదు. సామాను కూడా ఇప్పుడు నల్లగొండలో చిల్లర ధరకు కొంటున్నారు. మెట్రోలో ఎంజీబీఎస్ దగ్గర దిగితే బేగంబజార్ దగ్గరే. పూసలు, చమ్కీ, జరీ అక్కడ హోల్‌సేల్‌లో దొరుకుతాయి. నాలుగు దుకాణాలు తిరగకుండా మొదటిదాంట్లోనే కొనకండి.

ఇప్పుడు కూకట్‌పల్లి ఎందుకు వద్దన్నానో చెబుతాను. ఇది నేను ఒళ్లు మండి నేర్చుకున్న పాఠం.

మేము నకిరేకల్ నుంచి వచ్చింది 1997లో. మావారి పెద్దమ్మ కొడుకు కూకట్‌పల్లిలో ఉండేవాడు. తెలిసినవాళ్ల పక్కన ఉంటే మంచిదని అక్కడే ఇల్లు తీసుకున్నాం. ఇల్లు బాగుంది, ఇరుగుపొరుగు మంచివాళ్లే. అయితే శనివారం సాయంత్రం ఊరికి బయలుదేరితే దిల్‌సుఖ్‌నగర్ దాటేసరికే రెండు గంటలు. చంకలో పిల్లవాడు, చేతిలో సంచి. అసలు ప్రయాణం అక్కడి నుంచి మొదలయ్యేది. మొదటి మూడు నెలలు నెలకు రెండుసార్లు వెళ్లాం. తర్వాత నెలకు ఒకసారి. సంక్రాంతి నాటికి పండక్కి తప్ప వెళ్లడం మానేశాం. మా మామగారికి పక్షవాతం వచ్చినప్పుడు కబురు అందిన ఏడు గంటలకు గానీ ఇల్లు చేరలేకపోయాం. ఆ మరుసటి నెలలోనే వనస్థలిపురం మారిపోయాం. అద్దె కొంచెం తగ్గింది. అసలు తేడా అది కాదు. ఊరికీ మాకూ మధ్య అడ్డంగా ఒక మహానగరం ఉండటం పోయింది.

ఇప్పుడు మెట్రో ఉంది కదా అంటారు. ఉంది. అది కూడా మీ వైపే సాక్ష్యం చెబుతోంది. ఎల్బీనగర్ నుంచి మియాపూర్ దాకా 29 కిలోమీటర్ల ఎర్ర లైను ఒక్కటే. ఎల్బీనగర్ నుంచి అమీర్‌పేట ముక్క 2018 సెప్టెంబరులో మొదలైంది. కోఠికి దిగాల్సిన ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషన్ ఎల్బీనగర్ నుంచి ఎనిమిదోది. కూకట్‌పల్లి నుంచి లెక్కపెడితే పదిహేనోది. అద్దె ఏడు వేలు ఎక్కువ ఇచ్చి, ఏడు స్టేషన్లు ఎక్కువ తిరిగి, ఊరికి దూరమై మీవారు సంపాదించేది ఏమిటి? సాయంత్రాలు స్నేహితుడితో టీ. మంచి స్నేహితుడే కావచ్చు, నెలకు ఏడు వేల టీ మాత్రం ఖరీదైనది.

‘అది పట్నమే కాదు’ అన్న మాటకూ జవాబు ఉంది. హైదరాబాద్ చౌకైన నగరమని అందరూ అంటారు గానీ, అక్కడ ఉన్నది ఒక్క ధర కాదు. మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి వైపు ఒక హైదరాబాద్ ఉంది. ఐటీ కంపెనీల జీతాలను బట్టి అక్కడి అద్దెలు పెరిగాయి. తూర్పున ఇంకొక హైదరాబాద్ ఉంది. అక్కడ గుమాస్తాలు, టీచర్లు, ఆర్టీసీ ఉద్యోగులు, చిన్న దుకాణాలవాళ్లు ఉంటారు. అద్దెలు వాళ్ల జేబును బట్టే ఉంటాయి. చుట్టూ సముద్రమో కొండల వరసో అడ్డం లేకపోవడంతో నగరం నాలుగు వైపులా పాకింది, 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు దాకా వెళ్లింది, దాన్నీ దాటింది. అందుకే జీతం చిన్నదైనా నిలబడే చోటు ఎక్కడో ఒకచోట దొరుకుతుంది. ముంబైలో ఆ వెసులుబాటు లేదు. మీకు కావలసిన ఆసుపత్రి, కాలేజీ, బేగంబజార్, కోఠి ఏవీ కొండాపూర్‌లో లేవు. మీకు చౌకగా వచ్చే వైపే మీకు పనికొచ్చే వైపు కూడా. ఇలాంటి అదృష్టం అందరికీ ఉండదు.

ఇదే ప్రశ్న జడ్చర్ల నుంచో షాద్‌నగర్ నుంచో వచ్చి ఉంటే ఆరాంఘర్, శంషాబాద్ వైపు చూడమనేదాన్ని. పాలమూరు వాళ్ల గుమ్మం అది. కాచిగూడ రైలు కూడా అటే. ఎవరి ఊరి బస్సు పట్నంలో మొదట ఎక్కడ ఆగుతుందో వాళ్లు అక్కడ ఇల్లు వెతుక్కోవాలి.

మీ అత్తమ్మ సంగతి కూడా దీంతోనే ముడిపడి ఉంది. చండూరు నుంచి మునుగోడు, చౌటుప్పల్ మీదుగా వస్తే నల్లగొండ ముఖం చూడనక్కర్లేదు. చౌటుప్పల్ దాటి అబ్దుల్లాపూర్‌మెట్ వస్తే హయత్‌నగర్ వచ్చినట్టే. 2023 డిసెంబరు 9 నుంచి మన రాష్ట్రంలో ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లోనూ సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లోనూ టిక్కెట్టు లేదు. ఆధార్ కార్డు కొంగున కట్టుకుని ఆవిడే వస్తుంది చూడండి. పిల్లలకు సెలవులిస్తే మీరు వెళ్తారు. ఒక్క సంక్రాంతి ముందు రెండు రోజులు మాత్రం రోడ్డెక్కకండి. ఆంధ్రా వైపు వెళ్లే కార్లన్నీ పంతంగి టోల్‌గేటు దగ్గర బారులు తీరి ఉంటాయి. మనది ముందే పక్కకు తిరిగిపోయే దారి అయినా వాళ్లతో పాటు నిలబడాల్సిందే. మనకు బతుకమ్మ, దసరా ఉన్నాయి, అప్పుడు వెళ్లండి.

తోట అమ్మవద్దనడానికి కారణం మమకారం ఒక్కటే కాదు. గడ్డి అన్నారం పండ్ల మార్కెట్‌ను కొత్తపేట నుంచి బాటసింగారానికి మార్చారు. అంటే అబ్దుల్లాపూర్‌మెట్ మండలానికి, మీరుండబోయే వైపుకే. ఇప్పుడు మీ కాయ ఏ ధరకు పోయిందో దళారి ఫోనులో చెబితే నమ్మాల్సిందే. రేపు తోట కాయ దిగే రోజు మీవారు తెల్లవారుజామున మార్కెట్‌కు వెళ్లి, వేలం కళ్లారా చూసి, మెట్రో ఎక్కి కోఠిలో పనికి పోవచ్చు. మూడెకరాల తోట పట్నంలో ఏ మూలా ఇల్లు కొనిపెట్టదు. ఊళ్లో ఉంటే మాత్రం మీ అత్తమ్మకు తిండీ గౌరవమూ రెండూ ఇస్తుంది. ఆవిణ్ని ఇప్పుడే తీసుకురావాలని పట్టుపట్టకండి. రెండు గదుల ఇంట్లో, కింద మట్టి లేని చోట, తోట మనిషిని కూర్చోబెట్టడం సేవ కాదు.

బావగారి మాటను తేలిగ్గా తీసేయను. నల్లగొండకు యూనివర్సిటీ వచ్చింది, 2019లో మెడికల్ కాలేజీ వచ్చింది, ఐటీ టవర్ వచ్చింది. ఊరు మారింది, నిజమే. కానీ వచ్చినవాటిలో ఏది మీవారికి 21,000కు బదులు 25,000 ఇస్తోంది? ఏది మీ మగ్గానికి ఆషాఢంలో పని ఇస్తోంది? ఊరు బాగుపడటం, ఆ ఊళ్లో మనం బాగుపడటం ఒకటి కాదు. అదీ కాక నల్లగొండలో ఉంటూ మీవారు రోజుకు 80 కిలోమీటర్లు తిరుగుతూనే ఉన్నారు. ఉన్నచోట ఉండటమంటే ఇదేనా?

బెంగళూరు గురించి క్లుప్తంగా. 40,000 వినడానికి బాగుంటుంది. అక్కడ అడ్వాన్సుగా అయిదారు నెలల అద్దె, కొన్నిచోట్ల పది నెలలది కూడా అడుగుతారు. హైదరాబాద్‌లో మామూలుగా రెండు నెలలు. మీ రెండు లక్షలు అక్కడ తాళంచెవి చేతికి రాకముందే సగం ఖర్చయిపోతాయి. పిల్లలకు కన్నడం కొత్త, మీ కస్టమర్లకు మీరు కొత్త, అత్తమ్మకు ఒంట్లో బాగాలేదంటే రాత్రంతా ప్రయాణం. ఇంకొకటి, బాబు రేపు డాక్టర్ కోర్సు చదవాలనుకుంటే ఇక్కడి సీటుకు స్థానికుడు కావాలంటే తొమ్మిదో తరగతి నుంచి ఇంటర్ దాకా నాలుగేళ్లు తెలంగాణలో చదివి ఉండాలి. ఆ నిబంధన సరైనదేనని 2025లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. తమ్ముడి మీద ప్రేముంటే వేసవిలో పదిరోజులు వెళ్లి రండి.

పిల్లల స్థానికత మాట వచ్చింది కాబట్టి, హైదరాబాద్ వెళ్లేవాళ్లలో చాలామంది చూసుకోని ఒక విషయం చెబుతాను. మన రాష్ట్రంలో ప్రభుత్వ ఉద్యోగాలకు జిల్లా, జోన్ లెక్కలున్నాయి. 2018 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం 95 శాతం పోస్టులు స్థానికులవే. ఎవరు స్థానికులనేది ఒకటో తరగతి నుంచి ఏడో తరగతి దాకా ఎక్కువ ఏళ్లు ఎక్కడ చదివారన్న దాన్ని బట్టి తేలుస్తారు. మీ బాబు ఆరు పూర్తి చేసి వస్తాడు కాబట్టి ఏడో తరగతి ఎక్కడ చదివినా నల్లగొండ వాడే. పాప మూడు నల్లగొండలో, నాలుగు నుంచి ఏడు హయత్‌నగర్‌లో చదివితే మూడేళ్లు ఇటు, నాలుగేళ్లు అటు. రంగారెడ్డి జిల్లా స్థానికురాలవుతుంది, జోన్ కూడా మారుతుంది. ఒకే ఇంట్లో అన్న ఒక జోన్, చెల్లెలు ఒక జోన్. ఇది లాభమో నష్టమో పదిహేనేళ్ల తర్వాతి నోటిఫికేషన్లే చెప్పాలి. నేనైతే ఈ ఒక్క కారణంతో ప్రయాణం ఆపను. తెలిసి వెళ్లడం వేరు, ఉద్యోగానికి దరఖాస్తు పెట్టే రోజున తెలుసుకుని తల పట్టుకోవడం వేరు. బడి వదిలేముందు ఇద్దరికీ ప్రతి తరగతికీ చదువు ధ్రువపత్రాలు, సంతకంతో, ముద్రతో తీసుకుని ఇనప్పెట్టెలో పెట్టండి. చిన్న ప్రైవేటు బడులు ఒక్కోసారి మూతపడతాయి. అప్పుడు ఆ కాగితం కోసం ఎవరి చుట్టూ తిరుగుతారు?

ఏప్రిల్ నెలాఖరుకు బడులు మూసి, జూన్ రెండో వారంలో తెరుస్తారు. ఆ వ్యవధిని వాడుకోండి. మీవారు ఏప్రిల్‌లో ఒక్కరే వెళ్లి పనిలో చేరాలి. ఆ నెల స్నేహితుడి ఇంట్లోనే ఉండనివ్వండి, పాపం అతని ముచ్చటా తీరుతుంది. కొత్త యజమాని మొదటి జీతం చెప్పిన రోజుకు చెప్పినంత ఇచ్చాడా, పీఎఫ్ కడుతున్నాడా, సాయంత్రం ఏడుకు వదులుతాడా పదికి వదులుతాడా అన్నీ ఈలోగా తెలుస్తాయి. అవి తేలకుండా నల్లగొండ ఇల్లు ఖాళీ చేయకండి.

ఇల్లు చూడటానికి మాత్రం మీరు వెళ్లాలి, మీవారిని ఒక్కరినే పంపకండి. మే నెలలో మధ్యాహ్నం పూట వెళ్లండి. కూడా ఒక టేపు తీసుకెళ్లండి. మీ మగ్గం పొడవు, దాని చుట్టూ మీరు కూర్చుని లేవడానికి కావలసిన జాగా కొలుచుకోండి. కిటికీ ఎటుందో చూడండి. ట్యూబులైటు కింద బంగారు జరీ, వెండి జరీ ఒకేలా కనబడతాయి, ఆ సంగతి మీకు తెలియనిది కాదు. ఇంట్లో మగ్గం పెడతానని, నలుగురు ఆడవాళ్లు వస్తూ పోతూ ఉంటారని ఇంటివాళ్లకు ముందే చెప్పండి. నేను వనస్థలిపురంలో మొదట అద్దెకున్న ఇంటి యజమానురాలు మా ఇంటికి ట్యూషన్‌కు వచ్చే పిల్లల చెప్పుల్ని లెక్కపెట్టేది. పదికి మించిన రోజున నీళ్ల మోటారు ఆపేసేది. ముందే చెప్పి ఉంటే అద్దె ఇంకొంచెం ఎక్కువ అడిగేదేమో, చెప్పులు మాత్రం లెక్కపెట్టేది కాదు.

నీళ్ల గురించి గట్టిగా అడగండి. ఎండాకాలంలో బోరు ఆగితే ట్యాంకరు డబ్బు ఎవరిది? కృష్ణా నల్లా ఉందా, ఎన్నిరోజులకోసారి వస్తుంది? ఈ మాట రాస్తుంటే నాకు ఎప్పుడూ నవ్వూ ఏడుపూ కలిసి వస్తాయి. మన నల్లగొండ జిల్లా అక్కంపల్లి జలాశయం నుంచి, కోదండాపురంలో శుద్ధి అయి, కృష్ణా నీళ్లు 2004లోనే హైదరాబాద్ చేరాయి. వనస్థలిపురం పక్కనే సాహెబ్‌నగర్‌లో వాటికి పెద్ద రిజర్వాయరు ఉంది. మునుగోడు, మర్రిగూడ వైపు ఊళ్లు ఫ్లోరైడ్ నీళ్లతో నడుములు వంగిపోతున్న రోజుల్లోనే ఆ పైపులు పడ్డాయి. మన జిల్లా నీళ్లు మనకంటే ముందే వనస్థలిపురంలో కాపురం పెట్టాయి. మీరు వెళ్లడానికి మొహమాటపడుతున్నారు!

మీటరు విడిగా ఉందో లేదో చూసుకోండి. 200 యూనిట్ల ఉచిత కరెంటు మీటరు నంబరును బట్టి వస్తుంది. సబ్ మీటరు పెట్టి యూనిట్ల లెక్కన డబ్బు తీసుకునే ఇంట్లో అది మీ చేతికి రావడం కష్టం. రేషన్ కార్డు మార్చాలని కంగారు వద్దు, వేలిముద్ర వేస్తే అక్కడి దుకాణంలోనూ బియ్యం ఇస్తారు. అద్దె ఒప్పందం 11 నెలలకు రాసుకుంటారు, ఏటా ఎంత పెంచుతారో అందులో రాయించండి. హయత్‌నగర్ దాకా మెట్రో వస్తుందని ఇంటివాళ్లు చెప్పి వెయ్యి ఎక్కువ అడిగితే, వచ్చిన రోజున ఇస్తానని చెప్పండి. ప్రస్తుతం ఎల్బీనగర్ దాకా బస్సులోనో ఆటోలోనో రావాల్సిందే. ఆ ఖర్చు, ఆ అరగంట లెక్క వేసుకుంటే వనస్థలిపురంలో పనామా, సుష్మా ప్రాంతాల్లో అద్దె వెయ్యో రెండు వేలో ఎక్కువైనా మీకు గిట్టుబాటే. పక్కనే రైతుబజారు కూడా ఉంది.

ఇంకొక పద్దు మీ లెక్కలో లేదు. చుట్టాలు. పట్నంలో, అందులోనూ ఊరి బస్సు ఆగే చోట ఇల్లుంటే అది సగం సత్రం. నిమ్స్‌లో చూపించుకోవడానికి మేనత్త వస్తుంది. పోటీ పరీక్ష రాయడానికి పిన్ని కొడుకు ముందురోజు రాత్రి దిగుతాడు. పెళ్లి బట్టలు కొనడానికి ఏడుగురు వస్తారు, ఏడుగురికీ ఏడు రకాల టీలు. ఉత్త చేతులతో రారు. కందిపప్పు, చింతపండు, తోటకూర కట్టలు తెస్తారు. అయినా నెలకు రెండు వేలు ఈ పద్దు కింద రాసుకోండి. నేను ఇరవై ఏళ్లకు పైగా రాసుకుంటున్నాను. విసుక్కున్న రోజులున్నాయి. మా పిల్లలకు ఊళ్లో ఎవరు ఏమవుతారో తెలిసింది మాత్రం ఆ సత్రం వల్లే. అందరికంటే ముందు వచ్చే చుట్టం ఎవరో చెప్పనా? వెళ్లవద్దంటున్న మీ బావగారే. మంచి దుప్పటి ఒకటి ఎక్కువ కొనిపెట్టుకోండి.

రెండు లక్షల్లో అడ్వాన్సు, డీసీఎం బాడుగ, పిల్లల ఫీజులు, యూనిఫాంలు పోగా కనీసం లక్ష బ్యాంకులోనే ఉండాలి. దిగిన నెల తిరక్కముందే ఎవరో ఒకరు విజయవాడ రోడ్డు మీద ప్లాటు చూపిస్తామని కారులో ఎక్కించుకుంటారు. బిర్యానీ పెడితే తిని రండి, సంతకం మాత్రం పెట్టకండి.

పట్నంలో నచ్చనివి కూడా ఉన్నాయి. మొదటి ఏడాది మీకు ఎవరూ ఉండరు. పక్కింటి తలుపు ఎప్పుడూ మూసే ఉంటుంది. బాబుకు ఆడుకోవడానికి వీధి తప్ప జాగా ఉండదు. పొగ, హారన్లు సరేసరి. వాటికి నా దగ్గర మందు లేదు.

ఆ బొటిక్‌కు ఇప్పుడే ఏమీ చెప్పకండి. ఒప్పుకున్న జాకెట్లు పూర్తి చేసి పంపండి. కానీ ఇకమీదట ఏ జాకెట్టు కార్గోలో వేసినా ముందు దాన్ని ఫొటో తీయండి. వెనక మెడ ఒకటి, చేయి ఒకటి, దగ్గర నుంచి పూసల పని ఒకటి. ఇన్నేళ్లలో చేసినవాటికి ఫొటోలు ఉండి ఉండవు, అవన్నీ ఎవరెవరి బీరువాల్లోనో ఉన్నాయి. రేపు వనస్థలిపురంలో తలుపు తట్టే మొదటి మనిషి ‘మీ పని చూపించండి’ అంటుంది. జూన్‌కు ఇంకా టైముంది, పాతిక జాకెట్లయినా పోగవుతాయి. పొద్దున తొమ్మిదింటికి, కిటికీ పక్కన, ట్యూబులైటు ఆపేసి తీయండి.